ప్రతి వేళకూ కొత్త వజూ

నాకు జబ్బు చేసిందని తెలిసిన రోజు నుంచి నా మతం ఏమంటుందో నన్ను తప్ప అందరినీ అడిగారు. డాక్టరు నా కొడుకును అడిగాడు. కొడుకు మసీదువాళ్ళు ఏమంటారో తనకు తనే ఊహించుకున్నాడు. పక్కింటివాళ్ళు అడగకుండానే చెప్పారు. అరవై రెండేళ్ళదాన్ని, ముప్పై ఏళ్ళుగా రహమత్ నగర్‌లో ఆడవాళ్ళకు ఖురాన్ చదవడం నేర్పుతున్నదాన్ని, మంచం మీద పడుకుని అన్నీ వింటూ ఉన్నాను. ఇప్పుడు లేచి కూర్చున్నాను కాబట్టి నేను చెప్తాను. కోపం తగ్గాక రాద్దామని కొన్నాళ్ళు చూశాను. తగ్గేట్టు లేదు.

ముందే ఒక మాట. ఈ కోపంలో పెద్ద వాటా నాకే చెందుతుంది. ఎందుకో వరసలో వస్తుంది. వరస కూడా మా నెలల లెక్కలోనే చెప్తాను, నేను రోజులు లెక్కపెట్టుకున్నది వాటితోనే.

జిల్‌హజ్, ముహర్రం

నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ నేను ఆపాను, అంటే అక్కను. మా నాన్న నల్లగొండ జిల్లాలో తెలుగు మాస్టారు కాబట్టి నాకు ఉర్దూ కంటే ముందు తెలుగు అక్షరాలు వచ్చాయి. నా భర్త స్టూడియోల్లో లైట్‌మ్యాన్‌గా పనిచేసి పోయాడు. కొడుకు సలీం ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కంపెనీకి ప్రొడక్షన్ మేనేజరు. ఎవరికి ఏ కారు, ఎవరికి ఏ గది, ఎవరికి ఏ టిఫిను, అన్నీ వాడే చూస్తాడు. కోడలి పేరు అఫ్రీన్. మధ్యాహ్నం జొహర్ నమాజు నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా మా ముందుగదిలో పదిమంది ఆడవాళ్ళు చాప మీద కూర్చుని చదువుకుంటారు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, షూటింగులకు వంటకు పోయేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు. చదువు అయ్యాక, మగ మౌల్వీని అడగలేని సంగతులు నన్ను అడుగుతారు. నేను చెప్తాను. తెలియదు అన్న మాట నా నోట వచ్చిన గుర్తు లేదు.

అందరిలోకీ మొద్దు ఖైరూన్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సినిమా కాస్ట్యూములు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. రెండేళ్ళుగా అక్షరాల పుస్తకం దాటలేదు. “నీ బుర్రకు కూడా గంజి పెట్టినవా?” అని నేను తిట్టని రోజు లేదు. ఆమె నవ్వేది. తిట్టించుకోవడానికే వస్తున్నట్టు మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

బక్రీద్ అయిన వారానికి అందరూ వెళ్ళాక ఆమె ఒక్కతే ఆగింది. గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఆపా, నాకు నెలసరి బందయి ఎన్నో ఏండ్లాయె. ఇప్పుడు మళ్ళ కనబడ్తుంది. పదిహేను దినాలాయె, ఆగుతలేదు. నమాజు చేయొచ్చునా, చేయొద్దా?”

చెప్పాను. ముట్టు రోజుల్లో మాకు నమాజు లేదు. కానీ ఆ వయసు దాటిపోయాక ఆగకుండా కనిపించే రక్తం ఆ లెక్కలోకి రాదు, దానికి వేరే నియమం ఉంది. నమాజు మానకూడదు. శుభ్రం చేసుకుని, గుడ్డ మార్చుకుని, ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ చేయాలి. వజూ అంటే నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, పాదాలు కడుక్కోవడం. మామూలు మనిషి ఒకసారి చేసిన వజూతో రెండు నమాజులు కూడా చేసుకోవచ్చు. రక్తం ఆగని మనిషికి ఆ వీలు లేదు, వేళ మారితే మళ్ళీ చేసుకోవాల్సిందే. ఇదంతా నేను చిన్నపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. ఖైరూన్ శ్రద్ధగా తలూపి వెళ్ళిపోయింది.

నా జవాబులో తప్పు లేదు. ఇవాళ ఏ ముఫ్తీని అడిగినా అదే చెప్తాడు. అందుకే నాకు ఇంత మంట.

ఎందుకంటే, ముహర్రంలో నాకూ అదే మొదలైంది. ఆగిపోయి పదకొండేళ్ళయిన తర్వాత, ఒక ఉదయం గుడ్డ మీద మరక. నేను కంగారు పడలేదు. నియమం తెలిసినదాన్ని కదా! గుడ్డ మార్చాను, వజూ చేశాను, నమాజుకు నిలబడ్డాను. మర్నాడూ అంతే. ఐదు వేళలా అంతే. చదువు చెప్తూ చెప్తూ అసర్ కాగానే లేచి, కొళాయి దగ్గరికి పోయి మళ్ళీ కాళ్ళు కడుక్కుని వచ్చేదాన్ని. నా గుడ్డలు నేనే ఉతుక్కున్నాను. “నేను వాషింగ్ మెషీన్‌ల వేస్త గద అమ్మీ,” అని అఫ్రీన్ అంటే కసిరాను. సఫర్ పోయింది, రబీవుల్ అవ్వల్ పోయింది, ఇంకో రెండు నెలలు పోయాయి. ఒక్క వేళ కూడా తప్పలేదని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. మనిషిని పాలిపోయాను. మెట్లెక్కితే ఆయాసం. బీపీ అన్నాను. ఎండ అన్నాను. వాన అన్నాను. ఆ రక్తం నమాజుకు అడ్డం కాదని తేల్చుకున్నాక, ఇక దేనికీ అడ్డం కాదన్నట్టే బతికాను.

చదివే ఆడవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడ ఆగండి. ఆగిపోయిన నెలసరి మళ్ళీ కనిపిస్తే అదే వారం డాక్టరు దగ్గరికి పోండి. మీరు ఏ దేవుణ్ణి మొక్కినా సరే. నమాజు సంగతి ఆ తర్వాత నన్ను అడగండి, చెప్తాను.

జమాదిల్ ఆఖిర్

వంటగదిలో పడిపోయాను. నన్ను లేపబోయి అఫ్రీన్ నా బట్టలు చూసింది.

“ఎన్ని దినాల సంది అమ్మీ?”

“ముహర్రం సంది.”

ఆ పిల్ల గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, నాకు బట్టలు మార్చి, బురఖా తొడిగి, సలీంకు ఫోన్ చేసింది. సలీం అరగంటలో కారు తెచ్చాడు. సినిమావాళ్ళ పరిచయంతో జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆ సాయంత్రమే చూపించాడు. పనులు జరిపించడంలో వాడికి వాడే సాటి, అది కాదనను.

ఆ హాలు గురించి చెప్పాలి. గోడకు పెద్ద టీవీ, అందులో రాబోయే సినిమాల ట్రైలర్లు. మాస్కు పెట్టుకున్న ఒక హీరోయిన్‌ను నలుగురు మనుషులు చుట్టూ కమ్ముకుని లోపలికి తీసుకుపోతే, చావు భయంతో కూర్చున్న మేమంతా కూడా తలలు తిప్పి చూశాం. కౌంటర్ దగ్గర అమ్మాయి హీరోయిన్‌ను మేడమ్ అంది. నన్ను మాత్రం, “బురఖా ఆంటీ ఎవరండీ? బురఖా ఆంటీ!” అని పిలిచింది. చేతిలో నా ఫైలు ఉంది. ఫైలు మీద నా పేరుంది. ఆ హాల్లో బురఖాలో ఉన్నవాళ్ళం ముగ్గురం. ముగ్గురం లేచి నిలబడ్డాం.

పరీక్షలయ్యాయి. వారం తర్వాత సర్జన్ పిలిచాడు. ఆయన నా వైపు చూడలేదు. సలీంను అడిగాడు, “ఆవిడకి తెలుగు వచ్చా?”

“మీ అంత వచ్చు,” అన్నాను నేనే.

అప్పుడు చూశాడు. గర్భసంచిలో క్యాన్సర్ అన్నాడు. ఇంకా బయటికి పాకినట్టు లేదు, త్వరగా తీసేస్తే మంచిది అన్నాడు. అంతటితో ఆగితే ఆయనకు రోజూ దువా చేసేదాన్ని. ఆగలేదు. “మీవాళ్ళలో ఇది మామూలేనమ్మా. దాచుకుని దాచుకుని చివర్లో వస్తారు. ఈ వయసులో రక్తం కనిపిస్తే వెంటనే రావాలని మీకు ఎవరూ చెప్పరా?”

నాకు ఒళ్ళు మండింది. నేను దాచింది నిజమే. నిజమైనంత మాత్రాన తిట్టు తిట్టు కాకుండా పోతుందా? బయట నా పక్క కుర్చీలో శ్రీనగర్ కాలనీ ఆవిడ ఒకామె ఉంది, పట్టుచీర, నుదుట రూపాయంత బొట్టు. ఆమెదీ ఇదే జబ్బు. దేవుడి గదిలోకి వెళ్ళొద్దంటారని ఏడాది ఎవరికీ చెప్పలేదట, తనే నాతో అంది. ఆమెను ఈ డాక్టరు ‘మీవాళ్ళు’ అనలేదు. ‘అయ్యో, అశ్రద్ధ చేశారు’ అన్నాడట.

కానీ కారులో కూర్చున్నాక తిట్టు సంగతి మరిచిపోయాను. ‘మీకు ఎవరూ చెప్పరా’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఖైరూన్ అడిగింది నన్ను. ఆమెకు చెప్పాల్సిన ఎవరో ఒకరు నేనే. నేను వజూ గురించి చెప్పి పంపించాను. ఆ తర్వాత రోజూ ఎదురుగా కూర్చున్నా, తగ్గిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ముహర్రంలో మొదలైంది, ఆమెకు అంతకంటే నెల ముందే. నాది ఇంకా పాకలేదన్నారు. మరి ఆమెది?

ఆమె ఊళ్ళో లేదు. ఒక పెద్ద సినిమా యూనిట్‌తో ఔట్‌డోర్‌కు, ఎక్కడో గోదావరి వైపు, బట్టల మూటలతో పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆమెకు ఫోన్ లేదు. కానీ ఆ యూనిట్‌లో కాస్ట్యూములు చూసే మనిషి నంబరు సలీం దగ్గర ఉంటుంది. అడిగితే ఒక్క నిమిషం పని. అడగాలంటే ఎందుకో చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. రేపు అడుగుదాం అనుకున్నాను. ఆ రేపు నాలుగు నెలలకు గానీ రాలేదు. నన్ను తిట్టుకోవాలనుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు, నాకంటే ఎక్కువ తిట్టలేరు.

రజబ్

త్వరగా అన్న డాక్టరు పదిరోజులైనా పిలవలేదు. రక్తం తగ్గలేదు. అడిగితే సలీం, “డేట్ చూస్తున్నరు అమ్మీ, ఫికర్ చెయ్యకు,” అనేవాడు. షూటింగ్ వాయిదా పడితే నిర్మాతకు చెప్పే గొంతు అది. నాకు తెలుసు.

ఈలోగా పరామర్శలు. ‘సబర్ చెయ్యి ఆపా, ఓర్చుకో, ఇది అల్లా పరీక్ష’ అని ఒకామె. జబ్బుతో పాపాలు రాలిపోతాయి, అదృష్టవంతురాలివి అని ఇంకొకామె, బత్తాయిలు ఒలుచుకుని తనే తింటూ. నేనూ ఎందరి మంచాల పక్కన కూర్చుని ఇవే మాటలు చెప్పాను. నా మీదికి వచ్చేదాకా అవి ఎంత తేలిగ్గా నోట్లోంచి జారిపోతాయో తెలియలేదు. ఒకామె ఏమీ అనకుండా వచ్చి, నా తలకు నూనె పెట్టి, జడ వేసి వెళ్ళింది. ఆమె పేరు నాకు సరిగ్గా తెలియదు, వెనక వీధిలో జూనియర్ ఆర్టిస్టు. ఆమెకు అల్లా అన్నీ ఇవ్వాలి.

రక్తపరీక్షకు మళ్ళీ వెళ్ళిన రోజు సంగతి బయటపడింది. అక్కడ నర్సు పేరు సువార్త. ఒంగోలు వైపు అమ్మాయి, మెడలో సన్న సిలువ. నా చేతికి సూది గుచ్చుతూ అంది:

“మీరు ఆడ డాక్టరే కావాలన్నారంట కదమ్మా. ఆవిడ సెలవు నుంచి రావడానికి ఇంకా మూడు వారాలు పడుతుందండీ. అప్పటిదాకా ఆగుతారా మరి?”

“ఎవరన్నారు?”

“ఫైల్లో రాసుందండీ. మతం కారణంగా మగ సర్జన్‌ని పేషెంట్ వద్దన్నారు అని.”

“పేషెంట్ ఎవరు?”

ఆ అమ్మాయి సూది తీసి, దూది అదిమి, నా ముఖంలోకి చూసింది. “మీరేనండీ,” అంది మెల్లగా. “మిమ్మల్ని అడగలేదా?”

సలీం బయట కారు దగ్గర ఫోన్‌లో ఉన్నాడు. ఫోన్ పెట్టేయమన్నాను.

“నేను వద్దన్ననా, మగ డాక్టరు?”

“నువ్వు అనలే అమ్మీ. గాని నువ్వు ఖురాన్ దర్స్ చెప్పెటిదానివి. ఇంత పేరున్నదానివి. ఆపాను కొడుకు మగోళ్ళ చేతుల పెట్టిండని రేపు మసీదుల అంటే?”

“ఎవరన్నరు?”

“ఎవరు అనలే. అంటరేమో అని.”

“అనని మాటకు నన్ను చంపుతవా?”

“గట్ల ఎందుకంటవు అమ్మీ...”

“మరెట్ల అనాలె? హీరోయిన్‌కు వ్యాను చెట్టు కింద కావాల్నా, ఎండల కావాల్నా అని పోయి అడిగొస్తవు. నన్ను అడగనీకె నీకు నోరు రాలే. ఆడ డాక్టరు ఉంటే ఆడ డాక్టరే, నాకూ అదే ఇష్టం. లేకుంటే, ప్రాణం మీదికొస్తే ఏది మాఫో నీకు, నీ మసీదోళ్ళకు నేను చెప్పాలె, నాకు మీరు గాదు.”

రోడ్డు మీద ఏడ్చాడు నా కొడుకు. నేను ఓదార్చలేదు. లోపలికి పోయి ఆ కాగితం తెప్పించి, మీద గీత కొట్టించి, కింద తెలుగులో సంతకం చేశాను. నాలుగో రోజు ఆపరేషన్ అన్నారు. ‘మీవాళ్ళు’ అన్న ఆ డాక్టరే చేశాడు. చేతులు మంచివి, ఒప్పుకుంటాను. నోరే అలాంటిది.

ఆపరేషన్ రోజు నన్ను భయపెట్టింది కత్తి కాదు. వెనక తెరిచి ఉన్న ఆ గౌను, తల మీద ఏమీ లేకుండా వార్డ్‌బాయ్‌లు తోసుకుపోయే ఆ స్ట్రెచరు. నలభై ఏళ్ళుగా పరాయి మగవాడు నా జుట్టు చూడలేదు. ఇది చెప్తే నవ్వుతారేమోనని నేను చెప్పలేదు. సువార్త అడిగింది.

“అమ్మా, మీకు ఏది ఇబ్బందో మీరే చెప్పండి. నేను చేయగలిగింది చేస్తాను, చేయలేనిది చేయలేనని చెప్తాను.”

జబ్బు బయటపడ్డాక నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. చెప్పాను. ఆమె థియేటర్ టోపీలు రెండు తెచ్చి, ఒకటి నుదుటి దాకా, ఒకటి వెనక మెడ దాకా లాగి, ఒక్క వెంట్రుక బయట లేకుండా సర్దింది. దుప్పటి గడ్డం దాకా కప్పింది. థియేటర్ తలుపు దాకా స్ట్రెచర్ పక్కనే నడిచింది. నేను నా దువా చదువుకున్నాను. పక్కన ఆమె పెదవులు కూడా కదిలాయి. ఆమె ఆమె ప్రార్థన చేసుకుందనుకుంటాను. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అల్లా మీద నాకు ఒక్క క్షణం కూడా కోపం రాలేదు. ఆ తలుపు దగ్గర ఆయన నాకు చాలా దగ్గరగా ఉన్నాడు. నా కోపమంతా ఆయన తరఫున మాట్లాడేవాళ్ళ మీద. మత్తు ఎక్కేముందు గుర్తొచ్చింది, ముప్పై ఏళ్ళుగా మా వీధిలో ఆయన తరఫున మాట్లాడింది నేనే. ఖైరూన్ ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. ఆ తర్వాత ఏమీ తెలియదు.

షాబాన్, రంజాన్

గర్భసంచి పోయింది. మిగిలిన అణువేదైనా ఉంటే చావాలని ఐదు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. షాబాన్ చివర్లో మొదలై రంజాన్ నిండా సాగింది.

కరెంటు పెట్టే ముందు మూత్రాశయం నిండుగా ఉండాలట. అంటే హాల్లో కూర్చుని, గంట ముందు నుంచి సీసాలు సీసాలు నీళ్ళు తాగాలి. రంజాన్ నెలలో, పట్టపగలు, బురఖా వేసుకుని, అందరి ముందూ. ఏడేళ్ళ వయసు నుంచి నేను ఒక్క రోజా, ఒక్క ఉపవాసం విడిచింది పురిటి రోజుల్లో, ముట్టు రోజుల్లోనే. జబ్బు మనిషికి రోజా లేదని, తర్వాత తీర్చుకోవచ్చని, తీర్చుకోలేకపోతే ఒక పేదకు అన్నం పెట్టాలని వందమందికి చెప్పాను. చెప్పడం వేరు. మొదటి రోజు సీసా మూత తీయడానికి నాకు చేతులు రాలేదు. సలీం పక్కనే నిలబడి, “నువ్వే చెప్పు అమ్మీ, ఏం చెయ్యాల్నో,” అన్నాడు. అంతవరకు నేర్చుకున్నాడు. తాగాను. కళ్ళ నీళ్ళు, సీసా నీళ్ళు కలిసి పోయాయి.

రెండోవారం ఎదురు కుర్చీలో ఒక గడ్డపాయన, తండ్రిని తీసుకొచ్చినవాడు, కాసేపు చూసి చూసి లేచి వచ్చాడు.

“అమ్మా, రంజాన్‌ల బురఖా ఏసుకొని గిట్ల అందరి ముందట తాగుడేంది? మనోళ్ళ ఇజ్జత్ పోతది. జర పక్కకు పోయి తాగొచ్చు గద.”

“పక్క ఏడుందో చూపియ్యి బేటా, పోత. సండాసుల కూసోని తాగమంటవా? మీ నాయన గోలీలు ఏసుకుంటుండు గద, ఆయనను గూడ తీస్కపో, ఇద్దరం పోదాం.”

హాలంతా తిరిగి చూసింది. ఆ ముసలాయన కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అప్పుడు శ్రీనగర్ కాలనీ ఆవిడ, నా తర్వాతి వంతు ఆమెదే, తన సీసా పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

“నేనూ లీటరు తాగాలండీ. ఒక్కదాన్నే తాగలేక చస్తున్నాను. కలిసి తాగుదాం రండి,” అంది.

ఆ రోజు నుంచి ఐదు వారాలయ్యేదాకా ఇద్దరం పక్కపక్కన కూర్చుని తాగాం. ఆమె తన కోడలి మీద చాడీలు చెప్పేది, నేను నా కొడుకు మీద. కరెంటు అయ్యాక కడుపులో తిప్పేది, విరేచనాలు, నడుము కింద చర్మం కమిలిపోయింది. ఆ సంగతులు ఇంతకంటే చెప్పను. ఇఫ్తార్ వేళ ఇంట్లో అందరూ ఖర్జూరం నోట్లో పెట్టుకుంటుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. అఫ్రీన్ ఖర్జూరం తెచ్చి నా చేతిలో పెట్టి, “రోజా లేకున్నా ఇఫ్తార్ ఉంటది అమ్మీ,” అనేది. ఇది ఏ కితాబులో ఉందో నాకు తెలియదు. తినేదాన్ని.

షవ్వాల్

పండగ తర్వాత యూనిట్ తిరిగొచ్చిందని సలీం మాటల్లో విన్నాను. అప్పటికి నా చివరి పరీక్షలు వచ్చాయి, ఇప్పటికి ఏమీ లేదన్నారు. బతికాను. బతికానని తెలిసిన రోజు నాకు సంతోషం కంటే ముందు ఖైరూన్ భయం వచ్చింది. మర్నాడు పొద్దున్నే అఫ్రీన్ భుజం పట్టుకుని బయల్దేరాను. మాకు పైవీధిలో, గుట్టకు కోసిన మెట్ల మీద ఆమె గది. ఇరవై మెట్లకు నాలుగు చోట్ల ఆగాను. ఆయాసం సగం, పైన ఏం చూడాలో అన్న భయం సగం. మంచం మీద ఉంటుందనుకున్నాను. తలుపు ఆమె మనవరాలు తీసి ‘నానీ లేదు’ అంటుందనుకున్నాను.

ఖైరూన్ గది ముందు నిలబడి ఎవరిదో రాజుగారి అంగీ ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. కొంచెం ఒళ్ళు కూడా చేసింది.

“ఆపా! గింత చిక్కిపోయిన్రేంది? నిన్ననే వచ్చిన, మీకు పానం బాగలేదని అంటుండ్రు. నేనే వద్దామనుకుంటున్న.”

నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను. “ఖైరూన్, బక్రీద్ అప్పుడు నువ్వు నన్ను అడిగినవు చూడు. అది ఇంకా కనబడ్తుందా?”

“అప్పుడే బందాయె గద ఆపా. లోపట చిన్న కండ పెరిగిందట. సర్కారు దవాఖానల తీసిన్రు. పరీక్షకు గూడ పంపిన్రు, ఏం లేదన్నరు.”

అరుగు మీద కూర్చున్నాను. “దవాఖానకు ఎవరు పొమ్మన్నరు నిన్ను?”

“మీరే.”

“నేనా?”

“మీరే గద ఆపా, ఇది నెలసరిది కాదు, బీమారీ కా ఖూన్, జబ్బు రక్తం అన్నరు. జబ్బయితే దవాఖానకు పోవాలె గద. మర్నాడే పోయిన.”

అన్నాను. నిజమే, అన్నాను. మా పుస్తకాల్లో ఆ రక్తానికి పేరే అది. ముప్పై ఏళ్ళుగా ఆ పేరు చెప్తూనే ఉన్నాను, ఆ రోజు ఆమెకూ చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఆమె చెవిలో పడింది. నా చెవిలో పడలేదు.

“మీరు గూడ పోయే ఉంటరనుకున్న,” అంది ఖైరూన్.

“నాకుందని నీకెట్ల తెలుసు?”

“తెల్వకేంది ఆపా? అసర్‌కు మేమంతా జొహర్ వజూతోటే నిలబడ్తుంటిమి. మీరు మాత్రం ప్రతిసారి లేచిపోయి కొత్తగ చేసొచ్చేటోళ్ళు. ఇంతకు ముందు గట్ల చెయ్యకపోదురు. ఆపాకు గూడ నా తీర్గనే అయిందనుకున్న. నాకు చెప్పిన మనిషి, తను పోకుంట ఉంటదా అని ఊకున్న.” ఆగి నా ముఖం చూసింది. “పోయిన్రు గద?”

“పోలే.”

“ఎందుకు?”

ఇదే ప్రశ్న డాక్టరు అడిగాడు, సలీం అడిగాడు, అఫ్రీన్ ఏడుస్తూ అడిగింది. ఒకరికి సిగ్గు అని చెప్పాను, ఒకరికి తెలియలేదని చెప్పాను, ఒకరిని కసిరాను. ఖైరూన్‌కు నిజం చెప్పాను.

“నమాజు ఆగలేదు గద అని ఊకున్న.”

ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “అయ్యో ఆపా! గింత సదువుకున్నరు, అక్కల్ ఏడ పెట్టిన్రు? మీకేమన్న అయితే ఈ బస్తీల మాకెవరున్నరు? చెప్పుడు తెలుసు గాని...” అంటూ అంటూ, ఎవరితో అంటోందో గుర్తొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “మాఫ్ చెయ్యున్రి ఆపా.”

“ఆపకు,” అన్నాను. “తిట్టు.”

ఖైరూన్ నా పక్కన అరుగు మీద కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నోరారా తిట్టింది. నేను తలవంచుకుని విన్నాను.